పరిగెత్తే బిడ్డ వెనకాలే మాట

ఏడాదిన్నర బిడ్డను కూర్చోబెట్టి మాటలు నేర్పాలని చూసే ప్రతి ఇంట్లోనూ ఒకటే గోడు. వీడు ఒక్కచోట నిలవడు. బొమ్మల పుస్తకం తెరిస్తే రెండో పేజీకే లేచిపోతాడు, ఆవును చూపిస్తే మంచం కిందికి దూరతాడు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలోనూ, ఆ ఊళ్ళోనే మలంచా వైపు సొంతిల్లు కట్టుకున్న కుటుంబాల్లోనూ తెలుగు తల్లులు ఈ మాట అంటారు, దానికి ఇంకో బెంగ కూడా కలుపుతారు. వీధిలో బెంగాలీ, టీవీలో హిందీ, రేపు బడిలో ఇంగ్లీషు, మరి వీడికి తెలుగు ఎప్పుడు వస్తుంది? ఈ రెండూ వేరువేరు సమస్యల్లా కనిపిస్తాయి గాని, రెంటికీ జవాబు ఒక్కచోటే ఉందని నేను నమ్ముతున్నాను. పిల్లలు మాట ఎలా నేర్చుకుంటారన్నదాని మీద గత కొన్ని దశాబ్దాల్లో జరిగిన పనిని ఆ దృష్టితో ఇక్కడ పరిశీలిస్తాను.

ముందు ఆ నిలవకపోవడం సంగతి. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కారెన్ అడాల్ఫ్, ఆమె సహచరులు 12 నుంచి 19 నెలల పిల్లలను ఇష్టమొచ్చినట్టు ఆడుకోనిచ్చి వాళ్ళ అడుగులు లెక్కపెట్టారు. 2012లో వెలువడిన ఆ లెక్క ప్రకారం తప్పటడుగుల బిడ్డ గంటకు సగటున 2368 అడుగులు వేస్తుంది, 17 సార్లు పడుతుంది. 2014లో ఎరిక్ వాల్, జోసెఫ్ కాంపోస్ మరో సంగతి గమనించారు. ఒకే వయసు పిల్లల్లో, ఇంకా పాకుతున్నవాళ్ళకంటే నడక వచ్చినవాళ్ళకు ఎక్కువ మాటలు తెలుసు. అదే ఏడాది లానా కరాసిక్, కేథరిన్ టామిస్-లెమొండా, అడాల్ఫ్ కలిసి ప్రచురించిన అధ్యయనంలో దీనికి ఒక కారణం దొరుకుతుంది. పాకే బిడ్డ దొరికిన వస్తువును కూర్చున్నచోటు నుంచే చూపిస్తుంది. నడిచే బిడ్డ దాన్ని మోసుకుంటూ అమ్మ దగ్గరకు వస్తుంది. అలా ఎదురుగా వచ్చి నిలబడ్డ బిడ్డతో తల్లి మాట తీరే మారిపోతుంది. ‘బాగుందే’ అని ఊరుకోదు. ‘మూత తియ్యి’, ‘లోపల వెయ్యి’ అని పని చెబుతుంది.

నడకే మాటలు తెస్తుందని దీన్నిబట్టి తేల్చేయలేం. రెండూ ఒకే ఎదుగుదలలో భాగం కావచ్చు. కాని కుదురులేని బిడ్డకు మాటలు ఆలస్యమవుతాయనీ, ముందు కూర్చోవడం అలవాటు చెయ్యాలనీ మన ఇళ్ళలో ఉన్న నమ్మకానికి మాత్రం ఇందులో ఏ ఆధారమూ దొరకదు. ఏడాది, రెండేళ్ళ పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రకంగా కదులుతూ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అంటే పరుగు ఆపి మాట నేర్పడం కుదరదు, కుదరనక్కర్లేదు. ఆ పరుగులోనే మాట అందించాలి.

ఎలా అందించాలన్నదాని మీద నాకు అన్నిటికంటే గట్టిగా కనిపించే ఆధారం 1986 నాటిది. మైకేల్ టొమాసెల్లో, జెఫ్రీ ఫరార్ 17 నెలల పిల్లలకు కొత్త పేర్లు రెండు రకాలుగా చెప్పి చూశారు. బిడ్డ చూపు అప్పటికే ఏ వస్తువు మీద ఉందో దాని పేరు చెప్పినప్పుడు మాట బాగా నిలిచింది. బిడ్డ చూపు మళ్ళించి, పెద్దవాళ్ళు ఎంచుకున్న వస్తువు పేరు చెప్పినప్పుడు అంతగా నిలవలేదు. తర్వాత ఇండియానా విశ్వవిద్యాలయంలో చెన్ యు, లిండా స్మిత్ పిల్లల నుదుటికి చిన్న కెమెరా కట్టి, వాళ్ళ కంటికి ఏం కనిపిస్తుందో చూశారు. పెద్దవాళ్ళకు గది మొత్తం కనిపిస్తుంది. బిడ్డకు మాత్రం చేతిలో పట్టుకున్న ఆ ఒక్క వస్తువే కళ్ళ నిండా ఉంటుంది, మిగతావన్నీ దాని చాటున ఉండిపోతాయి. సరిగ్గా ఆ క్షణాన పేరు చెవిన పడితే బిడ్డ దాన్ని పట్టుకుంటుంది. వస్తువు చేతిలోంచి జారి, చూపు ఇంకోచోటికి పోయాక చెప్పిన పేరు వృథా.

మలంచాలో ఒక ఇంటి పెరట్లో ఎండాకాలం సాయంత్రం జరిగిన సంగతి చెబుతాను. లాల పోయడానికి తల్లి బకెట్లో నీళ్ళు పట్టింది. బిడ్డ చేతికి మగ్గు దొరికింది. ముంచింది, ఎత్తింది, నేలమీద ఒంపేసింది. మళ్ళీ ముంచింది. గోడ అవతల పెద్దావిడ ‘నీళ్ళన్నీ పారబోసేస్తంది, చూడవే’ అంటూనే ఉంది. తల్లి మగ్గు లాక్కోలేదు. పక్కన గొంతుక్కూర్చుని బిడ్డ చేతినే చూస్తూ, ‘ముంచు, ముంచు… నిండిందా? నిండిపోయింది! ఇప్పుడు ఒంపు’ అంది. బిడ్డ మగ్గు వంచి పట్టుకుని తల్లి మొహంలోకి చూసింది. ‘ఒంపెయ్యి’ అనగానే ఒంపింది. నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి. ‘అమ్మో, తడిసిపోయావు, చల్లగుందా?’ బకెట్టు సగమయ్యేసరికి ముంచడం, నింపడం, ఎత్తడం, ఒంపడం, ఒలకడం, కారడం, జారడం, తడవడం అన్నీ అయ్యాయి. వాటిలో ప్రతి మాటా బిడ్డ చేతిలోనో కాలిమీదో జరిగింది.

అదే తల్లి మర్నాడు పొద్దున బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని గోడకు అంటించిన పళ్ళ పటం చూపిస్తూ, ‘ఇదేటి నానా? ఇదేటి?’ అని అడుగుతుంటే బిడ్డ మెలికలు తిరిగి దిగిపోయింది. జవాబు తెలిసిన ప్రశ్న పదే పదే అడగడం పరీక్ష పెట్టడమే. దానివల్ల బిడ్డకు కొత్త మాట ఏదీ రాదు. ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు జరిగే ‘ముక్కేది, చెవేది’ కూడా అంతే. అది సరదాకు బాగుంటుంది, చుట్టాలకు ఆనందం. నేర్పడం మాత్రం బకెట్టు దగ్గర జరిగింది.

ఆ పెరట్లో తల్లి తెలియకుండానే చేసిన మరో పని ఉంది. ‘ఒంపు’ అన్న మాట బిడ్డ ఒంపాక చెప్పలేదు, ఒంపబోతుండగా చెప్పింది. 1992లో టొమాసెల్లో, ఆన్ క్రూగర్ క్రియాపదాల మీద చేసిన అధ్యయనం సరిగ్గా దీని గురించే. వస్తువు పేరు ఎదురుగా ఉన్నప్పుడు చెప్పాలి గాని, పని పేరు మాత్రం ఆ పని జరగబోయే ముందు చెబితే పిల్లలు బాగా పట్టుకుంటారు. జరుగుతున్నప్పుడో జరిగిపోయాకో చెబితే అంత ఫలితం లేదు. ఆలోచిస్తే ఇది సహజమే. గెంతడం రెప్పపాటులో అయిపోతుంది. ‘గెంతావు’ అనేసరికి బిడ్డ మరో పనిలో ఉంటుంది. మెట్టు మీద నిలబెట్టి, రెండు చేతులూ పట్టుకుని, ‘గెంతుతావా? గెంతు!’ అంటే ఆ మాటా ఆ గెంతూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి.

ఇక్కడ తెలుగుకు ఒక అనుకూలం ఉంది. మన భాషలో చిన్నవాళ్ళకు పని చెప్పాలంటే క్రియకు ఏ తోకా తగిలించనక్కర్లేదు. రా, పో, తే, ఎక్కు, దిగు, పడు, నవ్వు, ఊదు. చిన్న చిన్న మాటలు, వాక్యం చివర్లో వస్తాయి కనుక చెవిలో నిలుస్తాయి. పైగా మిగతా మాటలు చాలావరకు వదిలేస్తాం. ‘ఇలా తే’ అంటాం, ఏం తేవాలో చెప్పం, అది బిడ్డ చేతిలోనే ఉంటుంది కాబట్టి. ఏ భాషలోనైనా పిల్లలు ముందు వస్తువుల పేర్లు నేర్చి, తర్వాతే క్రియలకు వస్తారని డెడ్రి గెంట్నర్ 1982లో వాదించారు. 1990ల్లో కొరియన్ పిల్లలను పరిశీలించిన సూంజా చోయ్, ఆలిసన్ గోప్నిక్, చైనా పిల్లలను పరిశీలించిన ట్విలా టార్డిఫ్ అక్కడ క్రియలు కూడా తొందరగానే వస్తున్నాయని చూపించారు. కొరియన్‌లో కూడా క్రియ వాక్యం చివరే, మిగతావి వదిలేయడమూ మనలాగే. ఆ చర్చ ఇంకా పూర్తిగా తెగలేదు. అయినా నిలకడలేని బిడ్డకు పళ్ళ పటంలోని పేర్లకంటే పనుల మాటలే దగ్గరివని నాకు అనిపిస్తుంది.

మలంచాలో తెలుగు నిలబడేదీ ఇక్కడేనని నా అభిప్రాయం. ఏ భాషైనా పేర్లను సులువుగా అరువు తెచ్చుకుంటుంది, క్రియలను అంత సులువుగా తెచ్చుకోదు. మన బిడ్డ బాల్ అంటుంది, లైట్ అంటుంది, వీధిలో బ్యాటరీ రిక్షాను టోటో అంటుంది, మరమరాలను పక్కింటివాళ్ళలాగే ముడి అంటుంది. దానికి నాకు బెంగ లేదు. ‘బాల్ విసురు’, ‘లైట్ ఆర్పు’, ‘టోటో ఎక్కు’ అన్నంతకాలం అది తెలుగే. బెంగ ఎక్కడంటే ‘జంప్ చెయ్యి, క్యాచ్ చెయ్యి, ఓపెన్ చెయ్యి, క్లోజ్ చెయ్యి, పుష్ చెయ్యి’ దగ్గర. ఇవి హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ కూడా వినిపిస్తున్నాయి. గెంతు, పట్టుకో, తియ్యి, మూయి, తొయ్యి అన్న అయిదు మాటల చోట బిడ్డకు మిగిలేది ‘చెయ్యి’ ఒక్కటే. హైదరాబాద్, విశాఖల్లో వీధిలో తెలుగు ఉంది కాబట్టి పోయిన మాట మళ్ళీ ఎక్కడో దొరుకుతుంది. మలంచాలో ఇల్లు దాటితే దొరకదు.

ఆ మాటలు ఇంట్లోనే అందించడానికి రైలాట ఎంత పనికొస్తుందో చూడండి. ఈ ఊళ్ళో పిల్లలకు అది ఎవరూ నేర్పనక్కర్లేదు. నాలుగు పీటలు వరసగా వేస్తే రైలు. ‘ఎక్కు’ అంటే బిడ్డ ఎక్కుతుంది, ‘బొమ్మను ఎక్కించు’ అంటే బొమ్మను కూర్చోబెడుతుంది. దిగు, దించు. జరుగు, జరుపు. ఆగు అంటే తను ఆగాలి, ఆపు అంటే రైలును ఆపాలి. తెలుగు క్రియల్లో ఉన్న ఈ జంటలు పెద్దయ్యాక వ్యాకరణ పుస్తకంలో పాఠమైతే కష్టంగా ఉంటాయి. రెండేళ్ళ బిడ్డకు పీటల మీద అవి ఒంట్లోకి ఎక్కిపోతాయి. తాతో బాబాయో గార్డై పచ్చ రుమాలు ఊపి, ‘కదులుతోంది, కదులుతోంది’ అంటే ఆట ఇంకో అరగంట సాగుతుంది.

అదే ఆట రోజూనా అని పెద్దవాళ్ళకు విసుగు పుడుతుంది. పుట్టినా ఆడాలి. పిల్లలు ఒక్కసారి విన్న కొత్త మాటకు అర్థం ఊహించగలరని సూసన్ కేరీ, ఎల్సా బార్ట్‌లెట్ 1978లో చూపించారు. కాని ఊహించడం వేరు, గుర్తుంచుకోవడం వేరు. 2008లో జెసికా హోర్స్ట్, లారిసా సామ్యూల్సన్ 24 నెలల పిల్లలను పరీక్షిస్తే, కొత్త పేరు వినగానే సరైన వస్తువును ఎంచుకున్నవాళ్ళే అయిదు నిమిషాల తర్వాత దాన్ని మరిచిపోయారు. ఎంఐటీలో డెబ్ రాయ్ తన ఇంట్లోనే కెమెరాలు, మైకులు పెట్టి కొడుకు మొదటి మూడేళ్ళ మాటలు రికార్డు చేయించారు. ఆ బృందం 2015లో ప్రచురించిన ఫలితం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. ఒక మాట ఎన్నిసార్లు వినపడిందన్నదానికంటే, అది ఒక చోటుకూ ఒక వేళకూ ఒక సందర్భానికీ ఎంత ప్రత్యేకంగా ముడిపడి ఉందన్నదాన్ని బట్టే బిడ్డ దాన్ని ఎంత త్వరగా పలుకుతాడో తెలిసింది. లాల వేళ మాటలు, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకునే మాటలు, అన్నం కలిపే మాటలు తొందరగా రావడానికి కారణం ఇదే. ఉప్పుబస్తా ఆటలో బిడ్డను వీపున ఎక్కించుకుని అమ్ముతూ తిరగడం, ఏనుగాటలో వంగి నడవడం, తలుపు చాటున దాగుడుమూతలు, ఇవన్నీ మాటా పనీ ఒక్కచోట ముడివేసే ఆటలే.

బిడ్డతో బిడ్డ మాటలు ఆడకూడదు, బువ్వ అనకుండా అన్నం అనాలి అని కొందరు చదువుకున్న తల్లిదండ్రులు పట్టుబడతారు. ఇది అనవసరమైన పట్టుదల. చార్ల్స్ ఫెర్గూసన్ 1964లో మరాఠీతో సహా ఆరు భాషల్లో ఇలాంటి బిడ్డ మాటలను పోల్చి చూపించారు. 2018లో మిత్సుహికో ఓటా బృందం ఎడిన్‌బరోలో చూసినదాని ప్రకారం, తొమ్మిది నెలల వయసులో ఒకే శబ్దం రెండుసార్లు వచ్చే ఇలాంటి మాటలూ, ముద్దుగా కుదించిన మాటలూ ఎక్కువ విన్న పిల్లలకు తర్వాత మాటలు ఇంకా వేగంగా పెరిగాయి. బువ్వ, లాల, జోజో, తాత, ఇవన్నీ మన అమ్మమ్మలు ఇచ్చిన తొలి మెట్లు. అవి దాటి అన్నం దగ్గరకు ఏ బిడ్డైనా వస్తుంది.

మరి ఎన్ని మాటలు మాట్లాడాలి? ఈ ప్రశ్న మీద చాలా రభస జరిగింది. బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ అమెరికాలోని కాన్సస్‌లో 42 కుటుంబాలను గమనించి, 1995లో తెచ్చిన పుస్తకంలో, నాలుగేళ్ళు వచ్చేసరికి పేదింటి బిడ్డ కలవారి బిడ్డకంటే మూడు కోట్ల మాటలు తక్కువ వింటుందని అంచనా కట్టారు. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది, పేద తల్లుల మీద నింద కూడా మోపింది. 2019లో డగ్లస్ స్పెరీ, సహచరులు మరో అయిదు సముదాయాల్లో వెతికితే ఆ తేడా అలా కనిపించలేదు. ఇంట్లో చుట్టూ ఉన్నవాళ్ళ మాటలన్నీ కలిపితే పేదిళ్ళలో మాటలకు కరువు లేదని వాళ్ళ వాదన. ఉమ్మడి కుటుంబాలను చూసిన మనకు ఇది నచ్చుతుంది. రెండేళ్ళ పిల్లలు ఇతరులు మాట్లాడుకుంటుంటే విని కూడా కొత్త పేరు పట్టుకోగలరని నమీరా అఖ్తర్ బృందం 2001లో చూపించింది కూడా. అయినా అడ్రియానా వైస్లెడర్, ఆన్ ఫెర్నాల్డ్ 2013లో స్పానిష్ మాట్లాడే 29 కుటుంబాల్లో రోజంతా రికార్డు చేసి చూస్తే, మాటలు పెరగడానికి తోడ్పడింది బిడ్డతో నేరుగా ఆడిన మాటలే. పక్కన వినపడ్డ మాటలు కాదు. 2018లో రేచల్ రోమియో బృందం నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లల్లో ఇంకో అడుగు ముందుకు వేసింది. పెద్దవాళ్ళు పలికిన మాటల సంఖ్యకంటే, బిడ్డకూ పెద్దవాళ్ళకూ మధ్య మాట ఎన్నిసార్లు అటూ ఇటూ మారిందన్నదే ముఖ్యమని తేలింది. కాబట్టి నా తీర్పు ఇది. అంకెల పోటీ వద్దు. బిడ్డ ‘ఆ’ అన్నా, వేలు చూపించినా అదీ ఒక మాటే, దానికి జవాబు ఇవ్వాలి. వంటింట్లో చెయ్యి ఖాళీ లేకపోయినా నోరు ఖాళీగానే ఉంటుంది కదా.

తెర సంగతి క్లుప్తంగా. జూడీ డెలోచ్ బృందం 2010లో ప్రచురించిన పరీక్షలో, మాటలు నేర్పుతామని అమ్మే వీడియోను నెల రోజులు చూసిన ఏడాది, ఏడాదిన్నర పిల్లలు, అసలు చూడనివాళ్ళకంటే ఎక్కువేమీ నేర్చుకోలేదు. ఎక్కువ నేర్చుకున్నది వీడియో లేకుండా తల్లిదండ్రులు రోజువారీ పనుల్లో ఆ మాటలు చెప్పిన పిల్లలు. కాని వీడియో కాల్ వేరు. సారా రోజ్‌బెరీ, కేథీ హర్ష్-పాసెక్, రోబర్టా గోలింకాఫ్ 2014లో చూపించినట్టు, తెరమీది మనిషి బిడ్డకు అప్పటికప్పుడు స్పందిస్తే రెండేళ్ళు దాటిన పిల్లలు కొత్త క్రియలు నేర్చుకున్నారు. అదే మనిషి ముందే రికార్డు చేసిన వీడియోలో చెబితే నేర్చుకోలేదు. పలాసలోనో ఆమదాలవలసలోనో ఉన్న అమ్మమ్మకు ఇది మంచి కబురు. ‘బాగున్నావా, ముద్దు పెట్టు’ దగ్గర ఆగకుండా, ‘చెంచా తే, గిన్నెలో వెయ్యి, గలగల కలుపు’ అంటూ ఆడించవచ్చు.

బొమ్మలు కొనాలా? జమైకాలో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ 1980ల్లో మొదలుపెట్టిన కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి ఎదుగుదల కుంటుపడిన పిల్లల ఇళ్ళకు వెళ్ళి, ఇంట్లో దొరికే డబ్బాలు, మూతలు, అట్టముక్కలతో చేసిన బొమ్మలతో ఎలా ఆడించాలో తల్లులకు చూపించారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పిల్లల సంపాదన, ఆ సాయం అందని పిల్లలకంటే దాదాపు నాలుగోవంతు ఎక్కువగా ఉందని 2014లో లెక్కతేలింది. ఖరగ్‌పూర్ నుంచి శ్రీకాకుళం వెళ్ళే రైలు దారిలోని కటక్‌లో, బస్తీ పిల్లల మధ్య ఇదే పద్ధతిని ప్రయత్నిస్తే వాళ్ళ గ్రహణశక్తి మెరుగైంది. పుట్టినప్పటి నుంచి మూడేళ్ళ వరకు పిల్లల కోసం 2024లో కేంద్రం తెచ్చిన ‘నవచేతన’ మార్గదర్శకం కూడా ఇంట్లో దొరికే వస్తువులతో ఆటలనే చెబుతోంది.

ఇక అన్నిటికంటే ఎక్కువగా వినే భయం, నాలుగు భాషల మధ్య బిడ్డ తికమకపడుతుందని. మయామిలో ఇంగ్లీషు, స్పానిష్ రెండూ వినే పిల్లల మీద బార్బరా పియర్సన్ బృందం 1993లో చేసిన అధ్యయనం ప్రకారం, రెండు భాషల మాటలూ కలిపి లెక్కిస్తే వాళ్ళు ఒక్క భాష పిల్లలకు తీసిపోరు. ఒడిశాలో కోంధు పిల్లల మీద అజిత్ మహంతి చేసిన పని రెండు భాషలు బిడ్డకు లాభమేనని చెప్పింది. పోయే ప్రమాదం ఉన్నది ఇంటి భాషకే. బెల్జియంలో 1899 కుటుంబాలను పరిశీలించిన అనిక్ డి హౌవర్ 2007లో చెప్పినదాని ప్రకారం, తల్లిదండ్రులిద్దరూ ఇంట్లో తమ భాష మాత్రమే మాట్లాడితే 97 శాతం కుటుంబాల్లో పిల్లలు దాన్ని మాట్లాడారు. ఒకరు ఒక భాష, ఇంకొకరు ఇంకో భాష అయితే అది నాలుగింట మూడొంతులకు పడిపోయింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుంది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళు ఎన్నాళ్ళుగానో కోరుకున్నది అది, సంతోషించదగ్గది. దాని ఫలం కార్యాలయాల్లోనూ బళ్ళలోనూ అందాలి. రెండేళ్ళలోపు బిడ్డకు మాత్రం తెలుగు పెరట్లోనూ పీటల మీదా అందుతుంది.

చివరిగా ఒక హెచ్చరిక. భాషలు ఎక్కువ కదా, అందుకే ఆలస్యం అని సర్దిచెప్పుకుని కొన్ని ఇళ్ళలో బిడ్డను డాక్టరుకు చూపించడం వాయిదా వేస్తారు. భాషలు ఎన్నైనా ఏడాదికి వేలు చూపించడం రావాలి, ఏడాదిన్నరకు ఏ భాషలోనైనా కొన్ని మాటలు రావాలి, రెండేళ్ళకు ‘పాలు ఇయ్యి’ లాగా రెండు మాటలు కలపడం రావాలి. వచ్చిన మాటలు పోతుంటే ఏ వయసులోనైనా ఆగకూడదు. ముందు చేయించాల్సింది వినికిడి పరీక్ష. రాష్ట్రీయ బాల్ స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వమే పిల్లల్లో వినికిడి లోపం, మాటల ఆలస్యం గుర్తించే ఏర్పాటు చేసింది. రైలు కూతకు తిరిగి చూస్తున్నాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయని ఈ ఊళ్ళో చాలామంది అనుకుంటారు. పెద్ద చప్పుడు వినపడే బిడ్డకు కూడా స, శ లాంటి సన్నని ధ్వనులు అందకపోవచ్చు. ఆ పరీక్షకు బిడ్డ జవాబులేమీ చెప్పనక్కర్లేదు, నిద్రపోతున్నా చెయ్యవచ్చు.